నీళ్లు పైకి పెట్టిన వైపు

అతను పోయాడన్న కబురు నాకు ఆకివీడులో, నేను మేనేజరుగా ఉన్న ఐసు ఫ్యాక్టరీ గుమ్మంలో తెలిసింది. రొయ్యల లారీ డ్రైవరు ఒకతను ఐసు ఎక్కించుకుంటూ, "నోట్లో నార పెట్టుకుని మాట్లాడేవారు చూడండి, ఉప్పుటేరు గట్టు మీద, ఆయన పోయారటండీ," అన్నాడు. పేరు చెప్పలేదు. నేనూ అడగలేదు. నోట్లో నార పెట్టుకుని మాట్లాడే మనిషి ఈ చుట్టుపక్కల ఒక్కడే.

నాకు బాధ కలగలేదు. పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలన్న మర్యాద మా ఇంట్లో ఎప్పుడూ లేదు. మా తాతగారు మనిషి బతికుండగా ఏమనేవారో పోయాక కూడా అదే అనేవారు. ఆస్తుల్లో నాకు రానివి చాలా ఉన్నాయి గానీ ఈ అలవాటు మాత్రం వచ్చింది. కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

అతను ఉప్పుటేటి ఒడ్డున ఒక రేకుల షెడ్డులో ఉండేవాడు. వానాకాలం కొల్లేరు పొంగి ఉప్పుటేట్లోకి దిగేటప్పుడు నీళ్లతో పాటు నానా చెత్తా వస్తుంది. చెట్ల మొదళ్లు, కూలిన ఇళ్ల దూలాలు, విరిగిన పడవల చెక్కలు వచ్చి వంతెన కింద గుర్రపుడెక్కలో ఇరుక్కుంటాయి. ఊళ్లోవాళ్లు వాటిని పొయ్యిలోకి తీసుకుపోతారు. అతను షెడ్డులోకి తీసుకుపోయి, వాటి మీద గోగునార, కొబ్బరి పీచు, తుంగ, ఎండబెట్టిన డెక్క కాడలు అల్లేవాడు. అదంతా అయ్యాక దానికో పేరు పెట్టేవాడు. 'విరహం' అనేవాడు, 'అమ్మ ఒడి' అనేవాడు. నాకు ఆ రెంటికీ తేడా కనపడేది కాదు. రెండూ కాకి గూడు లాగే ఉండేవి. రొయ్యల మీద సంపాదించి భీమవరంలో కొత్తగా మేడలు కట్టినవాళ్లు వాటిని కొనుక్కుపోయి హాల్లో సోఫా పైన తగిలించుకునేవారు. కొనేవాళ్లకు తగ్గ కళాకారుడు, కళాకారుడికి తగ్గ గోడలు.

గోగునార తడిగా ఉంటేనే వేళ్లకు లొంగుతుంది. ఎవరైనా పక్కన ఒక గిన్నెలో నీళ్లు పెట్టుకుంటారు. అతను నోట్లో పెట్టుకునేవాడు. పొద్దున్నే ఒక పాయ పెదవి చివర బిగించేవాడు, ఇక అన్నానికి కూర్చునే దాకా అది అక్కడే వేలాడేది. ఎదుట ఎంత పెద్దమనిషి ఉన్నా తీసేవాడు కాదు. మాట్లాడుతుంటే ఆ నార కొస గడ్డం మీద అటూ ఇటూ ఊగేది. నా ఎదుట నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడినవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు. మా నాన్నగారైతే అరుగు కూడా ఎక్కనిచ్చేవారు కాదు. ఇప్పుడు అరుగూ లేదు, ఎక్కనివ్వకపోవడానికి.

కొయ్యలకు మనుషులకిచ్చే మర్యాద ఇచ్చి మాట్లాడేవాడు. ఇది కొత్తగా విన్నవాళ్లకు ముచ్చటగా ఉండేదేమో, నాకు మాత్రం ఒళ్లు మండేది. తాటి మొద్దును చూపించి "ఈయన ఇంకా ఆరలేదండీ" అనేవాడు. వేపకొమ్మను నిమిరి "ఆవిడకి మొండితనం ఎక్కువండీ" అనేవాడు. ఒకసారి నేను ఏలూరు నుంచి వస్తున్న బస్సులో, కైకలూరులో ఎక్కాడు. చేతుల్లో పసిపిల్లంత మొద్దు. నా పక్క సీటు ఖాళీగా ఉంటే దాన్ని అక్కడ కూర్చోబెట్టి, తను నిలబడ్డాడు. కండక్టరు వచ్చాడు.

"ఏవండీ, ఈ మొద్దుకి సీటెందుకండీ? కిందపెట్టి మీరు కూర్చోండి."

"తడి ఆరకుండా కింద పెడితే పగుళ్లొస్తాయండీ ఆవిడకి."

"మరి ఆవిడకి టికెట్టు కొట్టమంటారా?"

"కొట్టండి. లేడీసుకి ఇప్పుడు ఫ్రీయే కదండీ."

బస్సంతా నవ్వారు. నేను నవ్వలేదు. ఆకివీడు దాకా నీచు వాసన వేసే ఆ మొద్దు పక్కన నిటారుగా కూర్చుని వచ్చాను. దిగేటప్పుడు, "ఆవిడకి తోడుగా ఉన్నందుకు థాంక్సండీ, బాబుగారండీ," అన్నాడు. అదీ మా పరిచయం.

అతను నీళ్లొడ్డున పుట్టి పెరిగినవాడైతే ఇంత రాసేవాణ్ణి కాను. తాడేపల్లిగూడెంలో వాళ్లది ఉల్లిపాయల హోల్‌సేలు కొట్టు. వాళ్ల తాతల నాటి నుంచీ నడుస్తున్న వ్యాపారం, లారీలకు లారీలు దిగే గొడౌను, ఎదురు తిరగని తమ్ముడు. ఇన్నీ ఉండగా ఒక రోజు గల్లాపెట్టె ముందు నుంచి లేచి, తాళాలు తమ్ముడి చేతిలో పెట్టి, వచ్చేశాడట. ఎవరూ వెళ్లగొట్టలేదు. ఎవరూ మోసం చెయ్యలేదు. కాళ్ల కింద గట్టిగా ఉన్న నేలను తనే వదిలేసి బురదలోకి దిగాడు. మా కుటుంబం ఒక్కొక్కటీ పోగొట్టుకుంది. పోయే ప్రతిదాన్నీ మావాళ్లు రెండు చేతులా పట్టుకునే ఉన్నారు, అవతలివాళ్లు వేళ్లు విడదీసి లాక్కున్నారు. అలాంటి ఇంటివాడికి, ఉన్నదాన్ని ఊరికే వదిలేసిన మనిషిని చూస్తే ఏమనిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. నాకు అతని నార కంటే, పేర్ల కంటే, ఎక్కువ అసహ్యం కలిగించింది అదే.

అతనికి ఒక నియమం ఉండేది. షెడ్డు వెనకాల సిమెంటు తొట్టి ఒకటి కట్టించుకున్నాడు. ఏరుకొచ్చిన కొయ్యను కొన్నాళ్లు ఎండబెట్టి, ఆ తొట్లో వేసేవాడు. కొయ్య కాసేపు అటూ ఇటూ దొర్లి, చివరికి ఒక పక్కకు కుదురుకుంటుంది. ఎన్నిసార్లు తిప్పి వేసినా ఆ పక్కే పైకి వస్తుంది. అది దాని ముఖమట. సున్నపు కాయలోంచి బొటనవేలితో ఇంత సున్నం తీసి, కొయ్య ఇంకా నీళ్లలో ఉండగానే పైకి ఉన్న చోట చుక్క పెట్టేవాడు. అల్లిక ఆ వైపే, అంచు నుంచి అంచు దాకా, ఎక్కడా కొయ్య కనపడకుండా. చుక్క కూడా అల్లిక కిందికి పోయేది. రెండో వైపు ముట్టుకునేవాడు కాదు, అది గోడకు. కొయ్య మీద కత్తి గానీ ఉలి గానీ పెట్టేవాడు కాదు.

"తడి మీద పెట్టిన సున్నమండీ, నరాల్లోకి దిగిపోతుంది. గోళ్లతో గీకినా పోదు. నాకే బుద్ధి మారి రెండో వైపు అల్లుదామనుకున్నా, చుక్క పట్టిస్తుంది," అనేవాడు. "నీళ్లు ఒప్పుకోవాలండీ" అన్నది అతని ఊతపదం. టీ చల్లారిపోయినా అదే అనేవాడు, బస్సు రాకపోయినా అదే అనేవాడు.

ఒకసారి నేను ఐసు లెక్క కోసం ఒక రొయ్యల ఎగుమతిదారుతో కారులో పోతుంటే, ఆయన షెడ్డు దగ్గర ఆపించాడు. లోపల తుమ్మ మొద్దు ఒకటి ఉంది. ఒక పక్క కొమ్మ విరిగిన చోట అచ్చం నెమలి మెడలా వంపు తిరిగి ఉంది. ఉలి పెట్టి చెక్కినా అంత అందంగా రాదు. ఎగుమతిదారుకు అది నచ్చింది.

"ఈ నెమలి పైకి కనపడేట్టు చెయ్యండి. కొత్త హోటలుకి. ఇలాంటివే గదికొకటి కావాలి, అన్నీ మీరే చెయ్యండి," అన్నాడు.

"నెమలి అడుక్కి పోయిందండీ. ఆయన ముఖం ఇటుంది," అని ఏ అందమూ లేని చదును పక్కను చూపించాడు, నార ఊపుకుంటూ.

"ఎవరు చూస్తారండీ మీ తొట్లో? తిప్పి చేసెయ్యండి."

"నేను చూశాను కదండీ."

"ఏవండీ, మీరు చెప్పండి," అని ఆయన నా వైపు తిరిగాడు. "ఈయనకి బుర్ర ఉందాండీ?"

"నాకు కనపడలేదు," అన్నాను. ఆ జవాబు అతనికి నచ్చినట్టుంది, పళ్ల మధ్య నార బిగించి కిచకిచమని నవ్వాడు. కారు వెళ్లిపోయింది. హోటలు గోడలకు వేరే ఎవరో ప్లాస్టిక్కు పూలు పెట్టారు. ఉల్లిపాయల కొట్టు వదిలేసినవాడు హోటలును వదిలేస్తే ఆశ్చర్యమేముంది అనుకున్నాను. మొండితనాన్ని నియమం అనుకునేవాళ్లు చాలామంది ఉంటారు. అప్పటికి నా లెక్కలో అతను వాళ్లలో ఒకడు.

ఇక మా సంగతి కాస్త చెప్పాలి. కొల్లేటి అంచున మాకు భూములూ పడవలూ ఉండేవి. ఎలా పోయాయో రాయను, ఆ పోయిన తీరులో చెప్పుకోదగ్గదేమీ లేదు. మా పడవలన్నిటికీ ముందు కొయ్య మీద ఒక ముద్ర ఉండేది. శంఖం, దాని కింద అడ్డగీత. ఎర్రగా కాల్చిన ఇనుముతో వేసేవారు. కొల్లేట్లో ఆ ముద్ర ఉన్న పడవకు మిగతా దోనెలు దారి ఇచ్చేవని మా నాయనమ్మ చెప్పేది. చేపల చెరువులు వచ్చాయి, పడవలు గట్టెక్కాయి, గట్టు మీదే చివికిపోయాయి. ముద్ర వేసే ఇనుము ఎవరి పాత సామాన్ల కొట్టుకు చేరిందో తెలియదు. ఇప్పుడు నేను ఏలూరులో ఒక మేడ మీది వాటాలో అద్దెకుంటున్నాను. గోడకు మేకు కొట్టాలంటే ఇంటివారిని అడగాలి.

కిందటేడాది వరదలు తీశాక ఒక మధ్యాహ్నం అతను ఐసు ఫ్యాక్టరీకి వచ్చాడు. భుజం మీద గోనెలో చుట్టిన కొయ్య. నా బల్ల మీద దించి గోనె విప్పాడు.

"బాబుగారండీ, ఈయన మీవారేమో చూడండి."

టేకు. పడవ ముందు కొయ్య, పై సగం. నీళ్లకు నల్లబడి, ఒక అంచు ఒరుసుకుపోయి ఉంది. మధ్యలో శంఖం, కింద అడ్డగీత. చిన్నప్పుడు నేను ఆ గీతలో వేలు పెట్టి ఆడుకునేవాణ్ణి. ఇప్పుడు నా వేలు అందులో పట్టలేదు.

"ఎక్కడ దొరికింది?"

"వంతెన కిందండీ. డెక్కలో ఇరుక్కున్నారు."

"ఇది మా పెద్ద పడవది. ఇక్కడ పెట్టి వెళ్లండి."

"పెట్టడానికి తేలేదండీ. చూపించడానికి తెచ్చాను." గడ్డం మీద నార ఊగింది. "నీళ్లు తెచ్చింది ఎత్తుకున్నవాడిది కదండీ. మీరు ఎప్పుడో వదిలేశారు."

"వదిలెయ్యలేదు. పోయింది."

"నీళ్లకి రెండూ ఒకటేనండీ."

ఇంకొకడైతే గుమాస్తాను పిలిచి బయటికి పంపేవాణ్ణి. కానీ కొయ్య అతని చేతి కింద ఉంది. బతిమాలడం నాకు రాదు. అందుకని ఆజ్ఞలాగే అన్నాను:

"ఆ ముద్ర మీద నార పడటానికి వీల్లేదు."

"నీళ్లు ఎలా అంటే అలాగండీ. శంఖం పైకొస్తే శంఖం మీదే అల్లుతాను. అడుక్కి పోతే ముట్టుకోను."

"శంఖం ఉన్నంత మేర వదిలి చుట్టూ అల్లండి."

"ముఖం మీద కొయ్య కనపడకూడదండీ. మీ కోసమని ఒకటీ, ఇంకొకరి కోసమని ఒకటీ చేసేవాణ్ణయితే గూడెంలో కూర్చుని ఉల్లిపాయలే అమ్ముకునేవాణ్ణి కదండీ."

"అమ్ముకోవాల్సింది. అది కనీసం పని."

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. నా గదంతా ఒకసారి చూశాడు. ఇనప బీరువా, ప్లాస్టిక్కు కుర్చీలు, రొయ్యల కంపెనీ క్యాలెండరు. తరవాత ఒక పని చేశాడు, నేను అంతవరకూ ఎప్పుడూ చూడనిది. నోట్లోంచి నార తీసేశాడు.

"అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. మీకు ఇంకా ఏం మిగిలిందండీ?"

ఆ మాట నన్ను మా బంధువుల్లో కూడా ఎవరూ అడగలేదు. అడిగే ధైర్యం లేక కాదు, జవాబు తెలుసు కనక. ఒక ఉల్లిపాయల కోమటి కొడుకు నా గదిలో నిలబడి అడిగాడు.

"మీ చేతి కింద ఉన్నదే," అన్నాను.

అతను కొయ్యను చూశాడు, నన్ను చూశాడు. నార మళ్లీ నోట్లో పెట్టుకోలేదు, చొక్కా జేబులో కుక్కుకున్నాడు. "రేపు పొద్దున్న తొట్లో వేస్తాను. వచ్చి చూసుకోండి. నా మాట మీద కాదు, మీ కళ్లతో."

"తొట్టి గట్టున నిలబడి మా ముద్ర తేలుతుందో మునుగుతుందో చూసే పరిస్థితి మాకింకా రాలేదు."

"సరేనండీ," అని గోనె చుట్టుకుని వెళ్లాడు.

నేను వెళ్లలేదు. మర్నాడు పొద్దున్న బస్సు దిగి, స్టాండు ఎదురుగా టీ కొట్టు దగ్గర ఉన్నాను. లారీ డ్రైవర్లు, చేపల కమిషన్ వాళ్లు, పది మంది దాకా ఉన్నారు. రోడ్డుకు అవతలి పక్క నుంచే అతను కేకేశాడు, అందరికీ వినపడేట్టు:

"బాబుగారండీ, మీ శంఖం అడుక్కి పోయిందండీ. ఎన్నిసార్లు తిప్పినా అడుక్కే. ఇక గోడ వైపే ఆయన."

"ఏ శంఖమండీ?" అని టీ కొట్టు అతను అడిగాడు.

"బాబుగారి పడవ ముద్రండీ. మునిగింది."

"నీళ్లకి కూడా సంగతి తెలిసిపోయినట్టుంది," అన్నాడు కమిషన్ వాళ్లలో ఒకడు, గ్లాసులోకి చూస్తూ. మిగతావాళ్లు నవ్వు ఆపుకున్నారు. ఆపుకోకుండా నవ్వితే బాగుండేది.

నేను సగం తాగిన గ్లాసు బల్ల మీద పెట్టి, "అలాగా" అని ఫ్యాక్టరీకి నడిచాను. ముద్ర మీద నార పడలేదు, నేను అడిగింది అదే, నిజమే. కానీ అది గోడకు మొహం పెట్టుకుని ఉంటుంది, ఈ తుంగా పీచూ హాల్లోకి చూస్తుంటాయి. ఆ మాట నా గదికి వచ్చి మెల్లిగా చెప్పొచ్చు. నలుగురి మధ్య చెప్పడానికే దాచి ఉంచాడనుకున్నాను. ఆ రోజు నుంచి అతనితో మాట్లాడలేదు. బస్సులో ఎక్కితే నేను కిటికీ వైపు తిరిగేవాణ్ణి. నార మధ్య నుంచి "నమస్కారమండీ" అనేవాడు. దిగేటప్పుడు మళ్లీ అనేవాడు. నేను కిటికీలోంచి చెరువులు చూసేవాణ్ణి. వర్షాలు రాకముందే పోయాడు.

పెద్దకర్మకు తాడేపల్లిగూడెం వెళ్లాను. నా గడప తొక్కిన మనిషి పోతే ఆ ఇంటికి ఒకసారి వెళ్లి రావడం మా ఇంటి పద్ధతి. అది ఒక కారణం. కొయ్య ఎవరి గోడకు ఉందో కనుక్కుని, శంఖాన్ని బయటి వైపుకు తిప్పించాలన్నది రెండోది. ఇప్పుడు కాదనేవాడు లేడు.

వెతకక్కర్లేకపోయింది. వాళ్ల ఇంటి ముందు వైపున్న కొట్లోనే ఉంది, కాటా పైన, గోడకు. ఉల్లిపాయల బస్తాలు దాని కింద నడుమెత్తు దాకా పేర్చి ఉన్నాయి. అల్లిక నేను ఊహించినదాని కంటే వికారంగా ఉంది. కుడి వైపు తుంగ ఉబ్బి, ఎడమ వైపు పీచు బిగుసుకుని, మధ్యలో గోగునార జడలు జడలుగా వేలాడుతోంది. దానికి పేరు కూడా పెట్టలేదట.

భోజనాలయ్యాక తమ్ముడు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. మెత్తటి మనిషి, అన్నలా కాదు.

"దాన్ని ఎవరికీ ఇవ్వద్దన్నాడండీ అన్నయ్య. అడిగినవాళ్లు ఉన్నారు. తనే వచ్చి గోడకి తీగతో బిగించి వెళ్లాడు, దులపడానికి కూడా దించద్దన్నాడు."

"దాని వెనక మా ముద్ర ఉంది. తిప్పి పెట్టాలి. అందుకే వచ్చాను."

"మీదేనని చెప్పాడండీ. తప్పకుండా తిప్పుకోండి. మీకు కావాలంటే తీసుకెళ్లండి కూడా." కండువాతో చెయ్యి తుడుచుకున్నాడు. "మా నాన్న అన్నయ్యతో చాలా ఏళ్లు మాట్లాడలేదండీ. వంశం పరువు తీశాడని. ఆఖరి రోజుల్లో ఒకసారి నన్ను తీసుకెళ్లమని ఆ షెడ్డుకి వచ్చాడు. తొట్టి పక్కన కుర్చీ వేయించుకుని అన్నయ్య కొయ్యలు వెయ్యడం, చుక్క పెట్టడం, అన్నీ చూశాడు. తిరిగొచ్చేటప్పుడు కారులో, 'వాడు పిచ్చివాడే గానీ తూకం తప్పడురా,' అన్నాడండీ. మా నాన్న నోటి నుంచి అంతకంటే పెద్ద మాట నేను వినలేదు. నన్నెప్పుడూ ఆ మాట అనలేదు. ఆ మాట అన్నయ్యకి చెబితే, నోట్లో నార తీసి చేతిలో పట్టుకుని, సాయంత్రం దాకా అలా కూర్చున్నాడు."

"హోటలు పని వదులుకున్నది నేను చూశాను," అన్నాను.

"అప్పుడు నేను తిట్టానండీ. ఇప్పుడు మాకు చెప్పుకోవడానికి ఉన్నది అదే. ఎవరేమన్నా, ఒక్కసారి కూడా తూకం తప్పలేదు."

బస్తాలు కాస్త జరిపి, స్టూలు వేసి అతను కింద పట్టుకున్నాడు. నేను పైకెక్కి తీగ విప్పాను. కొయ్యను రెండు చేతులా పట్టుకుని, గోడకున్న వైపు నా ఛాతీ వైపుకు తిప్పుకున్నాను.

శంఖం అలాగే ఉంది. నల్లటి టేకు మీద, కింద అడ్డగీతతో.

శంఖం పక్కనే, బొటనవేలంత సున్నపు చుక్క.

అది చుక్కలా కనపడకుండా చెయ్యాలని చూసినట్టుంది. చుట్టూ గీకిన గీతలున్నాయి. కొన్ని గోళ్లవి. కొన్ని లోతుగా, సన్నగా, కత్తి మొనవి. కొయ్య మీద ఎన్నడూ కత్తి పెట్టనివాడు పెట్టాడు. చివరికి సున్నమే గెలిచింది. నరాల్లోకి దిగి, తెల్లగా అక్కడే ఉంది.

నేను చూడటానికి వెళ్లని ఆ పొద్దున్న శంఖం పైకే వచ్చింది. అతను చుక్క పెట్టేశాడు, చెయ్యి అలవాటు కొద్దీ. తరవాత ఏం ఆలోచించాడో, ఎంతసేపు కూర్చున్నాడో నాకు తెలియదు. కొయ్యను తిరగేసి రెండో వైపు అల్లాడు. రోడ్డుకు అవతల నుంచి, పది మంది వినేట్టు, మునిగిందని కేకేశాడు. అంతమంది విన్నాక ఇక ఎవరూ తొట్టి దాకా వచ్చి చూడరు.

ఇలా చెయ్యమని అతన్ని నేను అడగలేదు. ముద్రను కాపాడమన్నాను గానీ నా మీద జాలిపడమనలేదు. ఆ స్టూలు మీద నిలబడి నాకు ముందు వచ్చింది కోపమే. ఉల్లిపాయల కొట్టు వదిలేసినంత తేలిగ్గా, తనకున్న ఆ ఒక్క నియమాన్నీ వదిలేశాడు, అదీ నా కోసం, అదీ నాకు చెప్పకుండా. నేనైతే ఎవరి కోసమూ ఆ పని చెయ్యను.

"ముద్ర బాగా ఉందాండీ?" కింద నుంచి తమ్ముడు అడిగాడు. స్టూలు పట్టుకుని తల పైకెత్తుతున్నాడు.

"ఉంది," అన్నాను. కొయ్యను మళ్లీ గోడ వైపుకు తిప్పి, తీగ బిగించాను. ముందుకంటే గట్టిగా బిగించాను.

"తిప్పుతానన్నారు కదండీ?"

"ఆయన నియమం ప్రకారం ముఖం ఇదే. ఉండనివ్వండి."

"పోనీ ఇంటికి తీసుకెళ్లండి. కారులో పెట్టిస్తాను."

"వద్దండీ."

కారణం చెప్పలేదు. ఇక్కడ రాస్తాను. నా ఇంట్లో ఉంటే ఏదో ఒక రోజు దాన్ని తిప్పుతాను. నా సంగతి నాకు తెలుసు. ఈ కొట్లో, కాటా పైన, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మనుషుల కళ్ల ముందు ఉంటే ఎవరూ తిప్పరు. మా శంఖం గోడ వైపు చూస్తూ ఉంటుంది. వాళ్ల తూకం తప్పకుండా ఉంటుంది.

నేను స్టూలు దిగాక తమ్ముడు దాన్ని కాసేపు చూసి, "బాగుందాండీ?" అని అడిగాడు.

"బాగోలేదు."

అతను చిన్నగా నవ్వాడు. "మీరొక్కరే మొహం మీద చెబుతారని అన్నయ్య అనేవాడండీ."

ఇందులో అతని పేరు ఎక్కడా రాయలేదు. కావాలనే రాయలేదు. గుర్తుపట్టగలిగినవాళ్లు ఎలాగూ పడతారు. వాళ్లు ఎప్పుడైనా ఉల్లిపాయల కోసం ఆ కొట్టుకు వెళితే, కాటా పైన ఉన్నదాన్ని దించమనీ, వెనక వైపు చూపించమనీ ఆ తమ్ముణ్ణి అడగవద్దని నా మనవి. అల్లిక వికారంగా ఉందని మాత్రం చెప్పొచ్చు. అది నిజమే.